చీకటిదారిలో చిరుదీపాలు

గుర్రపు బండ్ల కాలంలో బండివాని కాళ్ళకు ముందు ఒక పలక బిగించి ఉండేది. దౌడు తీసే గుర్రాల గిట్టల నుండి ఎగిరివచ్చే బురదా, గులకరాళ్ళూ బండిలో కూర్చున్నవారి మీద పడకుండా అది అడ్డుకొనేది. ఆంగ్లంలో దానికి డ్యాష్‌బోర్డు అని పేరు. కాలక్రమంలో గుర్రాల స్థానంలోకి ఇంజను వచ్చింది. బురదను ఆపే అవసరం తీరిపోయింది. అయినా చోదకుని ఎదుట ఉన్న పలకకు ఆ పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. వస్తువు మారిపోయినా మాట మిగిలిపోవడమన్నది భాషాశాస్త్రంలో అర్థవిపరిణామం చదివేవారికి పరిచితమైన విషయమే. ఒకప్పుడు బురదను ఆపిన ఆ పలకే నేడు వాహనం లోపలి సంగతులను చోదకునికి విన్నవిస్తున్నది.

వేగం ఎంత? ఇంధనం ఎంత మిగిలింది? ఇంజను ఎంత వేడెక్కింది? ఆయిలు ఒత్తిడి సరిగా ఉన్నదా? బ్యాటరీకి విద్యుత్తు అందుతున్నదా? ఈ ప్రశ్నలన్నిటికీ ఆ పలకలో ఒకచోట అమర్చిన ముళ్ళూ, అంకెలూ, చిన్న చిన్న హెచ్చరిక దీపాలూ సమాధానం చెబుతాయి. మన డ్రైవర్లు ఆ భాగాన్ని మీటరు బోర్డు అంటారు. పగలు దానిని చదవడానికి సూర్యుని వెలుగు చాలు. రాత్రివేళ ఆ బాధ్యతను బోర్డు వెనుక దాగి ఉన్న నాలుగైదు బల్బులు మోయాలి. ఒక్కొక్కటి చిటికెనవేలి కొనకంటె పెద్దది కాదు. వాహనం పాతబడేకొద్దీ అవి గుడ్డిదీపాలవుతాయి. వేడిని చూపే ముల్లు ఎర్రగీత దాటినా కనిపించదు. ఊరికి దూరంగా, దీపాలు లేని దారిలో, లోడుతో పోతున్న వాహనంలో ఇది చిన్న లోపం కాదు. నీరు మరిగిపోయిన ఇంజను పట్టేసినప్పుడు అయ్యే ఖర్చు ముందు ఈ బల్బుల వెల లెక్కలోకే రాదు.

పికప్ ట్రక్కు పుట్టినిల్లు అమెరికా. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే గది, వెనుక సామాను వేసుకొనే తెరిచిన తొట్టి, ఇదే దాని రూపం. 1925లో ఫోర్డు సంస్థ తన మోడల్ టి కారుకు వెనుక ఇటువంటి తొట్టిని కర్మాగారంలోనే అమర్చి అమ్మకానికి పెట్టింది. 1948లో అదే సంస్థ ఎఫ్ శ్రేణి వాహనాలను ప్రారంభించింది. ఆ శ్రేణిలో 1973 నుండి 1979 వరకు తయారైన ట్రక్కులు నేటికీ అక్కడి పల్లెలలో, పశువుల క్షేత్రాలలో తిరుగుతూ కనిపిస్తాయి. తాతలు కొన్న బండిని మనుమలు బాగుచేసుకొని నడపడం అక్కడివారికి ఒక ముచ్చట. మనం ఈ పాఠంలో ప్రధానంగా ఆ ట్రక్కునే ఉదాహరణగా తీసుకుందాం. అందులో కంప్యూటర్లు లేవు. తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఓపిక ఉన్నవారు వేలితో పట్టుకొని చూడవచ్చు. కాబట్టి నేర్చుకొనడానికి అది మంచి గురువు.

ఆ కాలపు అమెరికా వాహనాల మీటరు బోర్డులలో విరివిగా వాడిన బల్బుకు 194 అని సంఖ్య. అడుగున లోహపు టోపీ లేకుండా, గాజునే చీలికలా నొక్కి, హోల్డరులోకి దూర్చేందుకు వీలుగా దానిని తయారుచేస్తారు. అడ్డకొలత సుమారు 10 మిల్లీమీటర్లు. 14 వోల్టుల వద్ద అది 0.27 ఆంపియర్ల విద్యుత్తును తీసుకొంటుంది. అనగా నాలుగు వాట్లకు కొంచెం తక్కువ. దాని కాంతి రెండు కొవ్వొత్తులకు సమానం. రెండు కొవ్వొత్తులంటే మీటరు బోర్డుకు తక్కువేమీ కాదు. బల్బు కొత్తగా ఉండి, దానికి రావలసిన విద్యుత్తు పూర్తిగా వస్తే, అంకెలు స్పష్టంగానే కనిపిస్తాయి.

మరి వెలుగు ఎందుకు తగ్గుతుంది? చాలామంది బల్బునే నిందిస్తారు. బల్బు తప్పు కొంత ఉన్నమాట నిజమే. వేడెక్కిన టంగ్‌స్టన్ తీగ నుండి లోహం కొద్దికొద్దిగా ఆవిరై గాజు లోపలి గోడకు మసిలా అంటుకొంటుంది. అయితే అంతకంటె పెద్ద దోషం దారిలో ఉంటుంది. బ్యాటరీ నుండి బయలుదేరిన విద్యుత్తు ఫ్యూజును దాటాలి. హెడ్‌లైటు స్విచ్చిలోకి వెళ్ళి, అక్కడ వెలుగును తగ్గించి పెంచే రియోస్టాటు చుట్టలో ప్రవహించాలి. బోర్డు వెనుక ఉన్న కనెక్టరులోకి చేరాలి. అక్కడి నుండి పలుచని ప్లాస్టిక్ పొర మీద అతికించిన రాగి బాటలలో సాగాలి. హోల్డరు చెవులను తాకి బల్బులోకి దూకాలి. చివరికి ఎర్త్ ద్వారా బండి శరీరంలోకి, అక్కడి నుండి బ్యాటరీలోకి తిరిగి రావాలి. నలభై యేళ్ళుగా తేమా, దుమ్మూ పట్టిన ఆ దారిలో ప్రతి అతుకు వద్దా చిలుము ఉంటుంది. ప్రతి అతుకూ కొంత సుంకం వసూలు చేస్తుంది.

ఆ సుంకం ఎంత భారమో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. తీగ వెలిగే బల్బులో కాంతి వోల్టేజితో సమంగా తగ్గదు. వోల్టేజి నిష్పత్తిని సుమారు 3.4వ ఘాతానికి హెచ్చిస్తే వచ్చే నిష్పత్తిలో తగ్గుతుంది. 14 వోల్టులు అందవలసిన చోట 12.6 వోల్టులు అందాయనుకుందాం. వోల్టేజిలో తగ్గినది పదోవంతే. కాంతిలో తగ్గినది దాదాపు మూడు పదోవంతులు. ఇంకొంత తగ్గి 11.2 వోల్టులు అందితే, సగం వెలుగుకూడా మిగలదు. కనుక వోల్టు మీటరును తీసుకొని మొదట బ్యాటరీ వద్ద, తరువాత బల్బు హోల్డరు వద్ద కొలిచి చూడటం ఈ పనిలో తొలిమెట్టు. తేడా ఒక వోల్టుకు మించి ఉంటే, కొత్త బల్బులు కొనడానికి ముందు దారిని శుభ్రం చేయాలి.

మన ఇళ్ళలో లాంతర్లు ఉన్న రోజులలో సాయంకాలమయ్యేసరికి ఇల్లాలు చేసే మొదటి పని వత్తి పెంచడం కాదు. చిమ్నీని తీసి, లోపలి మసిని బూడిదతోనో ముగ్గుతోనో తోమి, పొడిగుడ్డతో తుడవడం. మసి పట్టిన చిమ్నీలో వత్తి పెంచితే మసి మరింత పెరుగుతుందే కాని వెలుగు పెరగదని ఆమెకు తెలుసు. మీటరు బోర్డుకూ సరిగా ఇదే క్రమం వర్తిస్తుంది.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ ఎర్త్ తీగను విడదీయాలి. ఈ ఫోర్డు ట్రక్కులో హెడ్‌లైటు స్విచ్చి పిడిని పూర్తిగా బయటికి లాగి, బోర్డు కింది నుండి చేయి పెట్టి స్విచ్చి మీది చిన్న బొత్తామును నొక్కితే పిడి కాడతో సహా ఊడివస్తుంది. చుట్టూ ఉన్న చట్రపు మరలు విప్పిన తరువాత మీటరు బోర్డు కొంత ముందుకు వస్తుంది. దాని వెనుక స్పీడోమీటరు కేబులు ఉంటుంది. దానిని లాగకూడదు. పక్కనున్న ప్లాస్టిక్ నాలుకను నొక్కితే తనంతట వదులుతుంది. ఆ తరువాత కనెక్టరును ఊడదీస్తే బోర్డు చేతికి వస్తుంది. బల్బుల హోల్డర్లు కొద్దిగా తిప్పితే చాలు, బయటికి వస్తాయి. రాగి బాటలు కాగితమంత పలుచన కాబట్టి గరుకుకాగితం వాడరాదు. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్దితే చిలుము పోయి రాగి ఎర్రగా మెరుస్తుంది. హోల్డరు చెవులు చదునైపోయి ఉంటే కొంచెం పైకి వంచాలి. ఎర్త్ కలిసే మరను, దాని కింది లోహాన్నీ గీకి శుభ్రం చేయాలి. మూడు వంతులు పని ఇక్కడే పూర్తవుతుందని చెప్పవచ్చు.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉన్నది. బోర్డు చేతిలో ఉన్నది గదా అని కొందరు బ్యాటరీ నుండి రెండు తీగలు తెచ్చి ఇంధనపు ముల్లు కదులుతున్నదో లేదో చూడబోతారు. ఆ ముళ్ళు 12 వోల్టులతో పనిచేసేవి కావు. బోర్డు వెనుక ఉన్న ఒక చిన్న లోహపు డబ్బా విద్యుత్తును తుంచి తుంచి పంపుతూ సగటున 5 వోల్టులు మాత్రమే వాటికి అందజేస్తుంది. నేరుగా 12 వోల్టులు తగిలితే లోపలి సన్నని చుట్ట కాలిపోతుంది. బల్బు కోసం విప్పిన బోర్డు, మీటరు పోగొట్టుకొని తిరిగి ఎక్కుతుంది.

బోర్డు వెనుక పెట్టె లోపలిభాగాన్ని తయారీదారులు తెల్లగా ఉంచడానికి కారణం ఉన్నది. బల్బు కాంతి తిన్నగా అంకెల మీద పడదు. తెల్లని గోడలకు తగిలి, చెదిరి, అన్నివైపుల నుండి వచ్చి పడుతుంది. ఏళ్ళ తరబడి వేడికి ఆ తెలుపు పసుపుగా, గోధుమరంగుగా మారుతుంది. రంగు మారిన గోడ కాంతిని మింగుతుంది. ప్లాస్టిక్‌కు తగిన తెల్లరంగును పలుచగా పూస్తే పాత బల్బుతోనే వెలుగు పెరగడం స్పష్టంగా కనిపిస్తుంది. ముందున్న పారదర్శకపు మూతను మెత్తని గుడ్డతో పాలిష్ చేయడం మిగిలిన పని.

ఇంతచేసినా వెలుగు చాలదనుకొన్నప్పుడు బల్బు సంగతి ఆలోచించాలి. 194 బల్బు స్థానంలో అదే హోల్డరులో పట్టే 168 అనే బల్బు ఉన్నది. దాని కాంతి మూడు కొవ్వొత్తులకు సమానం. తీసుకొనే విద్యుత్తు 0.35 ఆంపియర్లు. వెలుగుతోపాటు వేడికూడా పెరుగుతుంది. ఆ వేడిని భరించవలసినవి యాభై యేళ్ళ ప్లాస్టిక్ పొర, యాభై యేళ్ళ రియోస్టాటు. అందువల్ల ఈ మార్గాన్ని నేను మెచ్చుకోలేను. అంతకంటె ఎల్.ఇ.డి. మేలు.

ఎల్.ఇ.డి. అంటే కాంతిని వెలువరించే డయోడు. 1962లో నిక్ హోలోన్యాక్ ఎర్రని కాంతినిచ్చే డయోడును రూపొందించాడు. ఎరుపు తరువాత ఆకుపచ్చ, పసుపు వచ్చాయి గాని, ప్రకాశవంతమైన నీలం మాత్రం ముప్పై యేళ్ళు శాస్త్రజ్ఞులను ఊరించింది. జపాను దేశీయులైన అకసాకి, అమనో, అక్కడే జన్మించిన నకమురా ఆ చిక్కుముడిని విప్పారు. అందుకు 2014లో ఆ ముగ్గురికీ భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నీలపు డయోడు మీద పసుపుకాంతినిచ్చే పదార్థాన్ని పూస్తే మన కంటికి తెలుపు కనిపిస్తుంది. నేడు అంగడిలో దొరికే తెల్లని చిరుబల్బు రహస్యమంతా ఇంతే. పాత బల్బు తీసుకొనే విద్యుత్తులో పదోవంతు చుట్టుపక్కల దీనికి సరిపోతుంది. వేడి స్వల్పం. కుదుపులకు తెగిపోయే తీగ లోపల లేదు.

అయితే బల్బును ఊడదీసి ఎల్.ఇ.డి.ని దూర్చినంత మాత్రాన పని ముగియదు. తీగ బల్బు అన్ని దిక్కులకూ వెలుగు వెదజల్లుతుంది. ఎల్.ఇ.డి. తన ముందువైపుకే ఎక్కువగా పంపుతుంది. అందువల్ల బోర్డు మధ్యలో ఒక తెల్లని చుక్క, అంచులలో చీకటి ఏర్పడతాయి. పక్కలకుకూడా కాంతి చిమ్మేలా చుట్టూ డయోడులు అమర్చిన బల్బునే ఎంచుకోవాలి. తీగ బల్బుకు ధన, రుణ భేదం లేదు. డయోడుకు ఉన్నది. వెలగకపోతే అది పాడైనదని పారవేయక, ఊడదీసి తిప్పి పెట్టి చూడాలి. పాత వాహనాలు చాలావాటిలో బల్బు ముందు ఆకుపచ్చదో నీలిదో ఒక వడపోత ఉంటుంది. తెల్లని ఎల్.ఇ.డి.లో నీలానికీ ఆకుపచ్చకూ నడుమ ఉండే వన్నె పలుచన. కాబట్టి నీలాకుపచ్చని వడపోత వెనుక అది పెడితే తయారీదారుడు ఉద్దేశించిన రంగు రాదు. వడపోత ఏ రంగులో ఉన్నదో ఆ రంగు ఎల్.ఇ.డి.ని పెట్టడమే సులువైన ఉపాయం.

రియోస్టాటు సంగతి భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు తామే ఊహించగలరు. అది కొద్ది ఓముల నిరోధం. ఒక ఆంపియరుకు మించిన ప్రవాహం ఉన్నప్పుడు దానిలో చెప్పుకోదగినంత వోల్టేజి ఖర్చవుతుంది. ప్రవాహం పదోవంతుకు పడిపోతే, దానిలో ఖర్చయ్యే వోల్టేజికూడా పదోవంతుకు పడిపోతుంది. పిడిని ఎంత తిప్పినా ఎల్.ఇ.డి. వెలుగు తగ్గదు. విద్యుత్తును సెకనుకు వందలసార్లు ఆపి వదులుతూ వెలుగును నియంత్రించే వేరే సాధనాన్ని అమర్చుకోవాలి. దాని వెల ఎక్కువ కాదు. అనేకులు ఈ ఒక్క మెట్టునూ వదిలివేస్తారు. దాని ఫలితం ఏమిటో కొంతసేపటిలో చూద్దాం.

అన్నిటికంటె ముఖ్యమైనది చార్జింగు దీపం. కొన్ని వాహనాలలో దీని స్థానంలో ముల్లు ఉంటుంది. దీపం ఉన్నచోట మాత్రం దాని కథ తెలిసి తీరాలి. ఇంజను తిరిగేటప్పుడు బ్యాటరీని నింపే యంత్రం ఆల్టర్నేటరు. మన మెకానిక్కులు అలవాటుగా డైనమో అని పిలిచేది దీనినే. అది విద్యుత్తును పుట్టించాలంటే లోపల తిరిగే చుట్టలో అయస్కాంతశక్తి ఉండాలి. ఆ శక్తికి విద్యుత్తు కావాలి. ఇంజను ఇంకా తిరగలేదు కాబట్టి తన విద్యుత్తు తనకు లేదు. బీజం ముందా, వృక్షం ముందా అన్నట్టున్న ఈ చిక్కును పాతకాలపు ఇంజనీర్లు ఎంతో పొదుపుగా పరిష్కరించారు. తాళం తిప్పగానే బ్యాటరీ నుండి కొద్దిపాటి విద్యుత్తు ఎర్రదీపంలో గుండా ప్రవహించి ఆ చుట్టను చేరుతుంది. దారిలో దీపం వెలుగుతుంది. ఇంజను తిరిగి ఆల్టర్నేటరు సొంతంగా విద్యుత్తును పుట్టించగానే దీపానికి రెండువైపులా వోల్టేజి సమానమవుతుంది. ప్రవాహం ఆగిపోయి దీపం ఆరిపోతుంది. చూసేవారికి అది హెచ్చరిక మాత్రమే. నిజానికి ఆల్టర్నేటరును నిద్రలేపే చేయి అదే.

ఆ స్థానంలో ఎల్.ఇ.డి. పెట్టినప్పుడు ఏమవుతుందో ఇప్పుడు ఊహించవచ్చు. దానిలో గుండా వెళ్ళే విద్యుత్తు ఆల్టర్నేటరును లేపడానికి చాలకపోవచ్చు. ఇంజను గట్టిగా తిరిగితే గాని, ఒక్కొక్కప్పుడు ఎంత తిరిగినా, అది మేలుకోదు. హెడ్‌లైట్లూ, ఇగ్నిషనూ కలిసి పది ఆంపియర్ల పైచిలుకు విద్యుత్తును బ్యాటరీ నుండే లాగుతూ పోతాయి. కొన్ని గంటలలో బ్యాటరీ ఖాళీ అయి, హెడ్‌లైట్లు ఎర్రబారి, బండి నడిదారిలో ఆగుతుంది. వెలుగు కోసం చేసిన పని చీకటిలో దించడమంటే ఇదే. కొందరు తయారీదారులు దీపానికి సమాంతరంగా ఒక నిరోధాన్ని ముందే అమర్చారు. అది ఉన్నదని నిర్ధారించుకొంటే తప్ప, ఆ ఒక్కచోట పాత తీగ బల్బునే ఉంచడం ఉత్తమం. మలుపు సూచించే దీపం విషయంలోనూ కొంత జాగ్రత్త అవసరం. కుడి ఎడమలకు ఒకే దీపం ఉన్న వాహనాలలో విద్యుత్తు ఒకసారి ఇటునుండి, ఒకసారి అటునుండి వస్తుంది. ఒకే దిశలో పనిచేసే ఎల్.ఇ.డి. ఒక మలుపుకే కన్నుగీటుతుంది.

ఇక కంటి విషయం. చీకటికి మన కన్ను పూర్తిగా అలవడటానికి అరగంట వరకు పడుతుంది. ఆ అలవాటును తెల్లని, నీలిచాయ కాంతి ఒక్క క్షణంలో చెరుపుతుంది. ఎరుపు, నారింజ వన్నెలు అంతగా చెరపవు. చీకటిలో చూసే కణాలు నీలాకుపచ్చ కాంతికి ఎక్కువగా స్పందించి, ఎరుపుకు దాదాపుగా స్పందించకపోవడం ఇందుకు కారణం. పైగా అరవై యేళ్ళవాని కంటిలోకి చేరే కాంతి ఇరవై యేళ్ళవానికి చేరేదానిలో సుమారు మూడోవంతే. వయసుతోపాటు కంటికటకంలో కాంతి చెదరడమూ ఎక్కువవుతుంది. పాత బండి నడిపేవారిలో పెద్దవారు ఎక్కువ గనుక ఇది గుర్తుంచుకోదగిన సంగతి. వారికి వెలుగు కావాలి, మిరుమిట్లు మాత్రం పనికిరావు.

మన శాస్త్రకారులు దేహళీదీపన్యాయం అని ఒక న్యాయం చెప్పారు. గడప మీద పెట్టిన దీపం ఇంటి లోపలికీ, వాకిటికీ ఒకేసారి వెలుగిస్తుందని దాని భావం. ఒకే మాట రెండువైపులా అన్వయించినప్పుడు వ్యాఖ్యాతలు దీనిని వాడుతారు. మీటరు బోర్డు దీపానికి ఈ న్యాయం పూర్తిగా విరుద్ధం. అది లోపల వెలగాలి గాని బయటికి పోరాదు. వెలుగు మితిమీరితే ముందు అద్దం మీద బోర్డు ప్రతిబింబం తేలి, దారి మీద నడిచేవాడిని కప్పివేస్తుంది. రియోస్టాటు పనిచేయని ఎల్.ఇ.డి.లు చేసే కీడు ఇదే.

1988లో టాటా సంస్థ పికప్ వాహనాన్ని మన దేశంలో విడుదల చేసింది. ఆ తరం టాటా, మహీంద్రా వాహనాలు కూరగాయలూ, పాలబిందెలూ ఎక్కించుకొని తెల్లవారకముందే బయలుదేరడం మన పల్లెలలో పరిచితమైన దృశ్యం. వాటిలోనూ ఉన్నది 12 వోల్టుల విద్యుత్తే. బల్బుల ఆకారమూ, హోల్డర్ల తీరూ వేరైనా, దారి శుభ్రత, చార్జింగు దీపం, కంటి అలవాటు అన్న మూడు సంగతులూ మారవు. కొందరు సోకు కోసం గదిలో నీలిరంగు ఎల్.ఇ.డి. పట్టీలు అతికిస్తారు. పెళ్ళిపందిరికి అందమైన ఆ వెలుగు రాత్రి ప్రయాణానికి తగినది కాదు.

బోర్డును తిరిగి బిగించిన తరువాత ఒక పరీక్ష మిగిలి ఉంటుంది. చీకటి పడ్డాక వీధిదీపాలు లేని చోట బండిని నిలిపి, పావుగంట కూర్చోవాలి. కన్ను చీకటికి అలవడనివ్వాలి. అప్పుడు హెడ్‌లైట్లు వేసి, మీటరు బోర్డు వెలుగును పూర్తిగా తగ్గించి, మెల్లగా పెంచుతూ ముళ్ళూ అంకెలూ చదవగలిగినంత వద్ద ఆపాలి. ముందు అద్దంలో వాటి నీడ కనిపిస్తే ఇంకొంచెం తగ్గించాలి. తాళం తిప్పినప్పుడు ఎర్రదీపం వెలిగి, ఇంజను తిరగగానే ఆరాలి. చివరగా బ్యాటరీ వద్ద వోల్టు మీటరు పెట్టి చూడాలి. ఇంజను ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల చుట్టూ ఉండే అంకె, ఇంజను నడుస్తుండగా 14 దరిదాపులకు చేరాలి. చేరకపోతే బోర్డును ఆ రాత్రే మళ్ళీ విప్పాలి.